రచయిత చెప్పే కథ, చిత్తుప్రతి చెప్పే కథ

రచయితతో ముఖాముఖి అనగానే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఇది రాయడానికి మీకు ప్రేరణ ఏమిటి?" జవాబులు కూడా చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలు, వేసవి సెలవుల్లో చదివిన పుస్తకాలు, కళ్లారా చూసిన ఒక దుఃఖం, భుజం తట్టిన ఒక మాస్టారు. ఇవి అబద్ధాలని అనడానికి లేదు. అయితే అమ్మమ్మ కథలు విన్న పిల్లలు లక్షల్లో ఉంటారు, వాళ్లలో కలం పట్టినవాళ్లు కొందరే. ఆ దుఃఖాన్ని ఊరంతా చూసింది, కథగా రాసింది ఒక్కరే. ఆ ఒక్కరి చేతిలో ఏం జరిగిందన్నదే తెలియాల్సిన సంగతి. ప్రేరణ గురించిన ప్రశ్న సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

రచయితలతో సంభాషణలు చదవడం ఇష్టమున్న పాఠకుడికి ఈ లోటు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ముప్ఫై ముఖాముఖులు చదివాక కూడా రచన ఎలా పుడుతుందో అర్థం కాదు. తప్పు రచయితలదే అనడం తొందరపాటు. రాసినవాడికి కూడా తన రచన ఎక్కడినుంచి వచ్చిందో పూర్తిగా తెలియదు. తెలియకపోయినా అడిగారు కాబట్టి చెప్పాలి. అప్పుడు ఆ కాలం ఏ జవాబును మన్నిస్తుందో ఆ జవాబే నోటికి వస్తుంది.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. మన కావ్యాల అవతారికలు, అంటే మొదట్లో కవి చెప్పుకునే ముందుమాటలు, తిరగేస్తే ప్రేరణ గురించిన కథనాలు వరసగా దొరుకుతాయి. తిక్కనకు హరిహరనాథుడు కనిపించి భారతాన్ని అంకితం పుచ్చుకునే కృతిపతిని తానే అవుతానన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఉండగా శ్రీకాకుళ ఆంధ్రవిష్ణువు కలలోకి వచ్చి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. పోతన కళ్లు మూసుకుంటే రామభద్రుడు ఎదుట నిలిచాడు. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" అన్న పద్యం తెలుగువాళ్లకు నోటికి వచ్చు. అందులోని ఆ "అట"ను కాస్త ఆగి వినాలి. తన రచన గురించి తానే చెబుతూ, ఎవరో చెప్పగా విన్నట్టు చెబుతున్నాడు కవి. రాసిన చేయి తనదే, అయినా మాట ఎక్కడినుంచి వస్తోందో తనకే వింత. ప్రేరణను గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన పద్యాలు ఏ భాషలోనైనా తక్కువే ఉంటాయి.

కలలో దేవుడు కనిపించడం ఆనాటి మర్యాద. ఆ మర్యాద ఒక పని కూడా చేసేది. "ఇంత పెద్ద పనికి నువ్వెవరు?" అని ఎవరైనా అడగకముందే జవాబు చెప్పేది. ఈ రోజు ముఖాముఖిలో అమ్మమ్మ చేసేది దాదాపు అదే పని. రాయడానికి ఒక హక్కు ఉందని, ఒక వారసత్వం ఉందని చెబుతుంది. రూపం మారినా అవసరం మారలేదు. అందుకే ప్రేరణ గురించి ఏ రచయిత ఏం చెప్పినా, అందులో సగం జ్ఞాపకమనీ మిగతా సగం అవతారిక అనీ అనుకుని చదవడం మంచిది.

రెండు ప్రసిద్ధ ఉదాహరణలు పక్కపక్కన పెడితే ఈ మాట తేటపడుతుంది. ఆంగ్లకవి కోల్‌రిడ్జ్ 1816లో "కుబ్లా ఖాన్" కవితను అచ్చువేస్తూ దానికొక ముందుమాట రాశాడు. 1797లో ఒంట్లో బాగాలేక మందు పుచ్చుకుని నిద్రపోయాడట. ఆ మూడు గంటల నిద్రలో రెండు మూడు వందల పంక్తుల కవిత తనంతట తానే అల్లుకుందట. లేచి రాసుకుంటూ ఉంటే పక్క ఊరు పోర్లాక్ నుంచి ఎవరో పనిమీద వచ్చి గంటకు పైగా కూర్చున్నాడట, అతను వెళ్లేసరికి మిగతాదంతా చెదిరిపోయిందట. అచ్చయినవి 54 పంక్తులు. ఆ తలుపు తట్టిన మనిషి ప్రపంచ సాహిత్యంలో ఒక పాత్రే అయిపోయాడు. కానీ కోల్‌రిడ్జ్ స్వదస్తూరితో ఉన్న పాత ప్రతి ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని చివర ఆయనే రాసుకున్న చిన్న గమనికలో నల్లమందు మాట ఉంది, ఒకలాంటి మగతలో రాశానన్న మాటా ఉంది. పనిమీద వచ్చిన మనిషి మాత్రం లేడు. పైగా ఆ ప్రతికీ అచ్చయిన కవితకూ మధ్య మాటలు మారాయి. కలలో పూర్తిగా దొరికిన కవితను మెలకువలో చెక్కినట్టు ఆ మార్పులే చెబుతున్నాయి.

అమెరికన్ కవి ఎడ్గార్ అలన్ పో దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచాడు. "ద రేవెన్" కవిత 1845 జనవరిలో వచ్చి మారుమోగింది. మరుసటి ఏడాది ఒక వ్యాసంలో ఆ కవిత ఎలా తయారైందో మెట్టుమెట్టుగా వివరించాడు. ముందు పొడవు నిర్ణయించుకున్నాడట, నూరు పంక్తులకు కాస్త అటూ ఇటూగా. ఆ తర్వాత పాఠకుడి మనసులో ఏ భావం మిగలాలో, ఆపైన పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే మాటలో ఏ అక్షరాలు మోగాలో ఎంచుకున్నాడట. ఆ మాటను పలికే ప్రాణిగా మొదట చిలుకను అనుకుని, తర్వాత బొంతకాకికి మార్చాడట. అదృష్టానికీ ఆవేశానికీ ఎక్కడా చోటు లేదు, అంతా లెక్క ప్రకారమే జరిగిందని ఆయన వాదన. చదివినవాళ్లలో చాలామంది దీన్ని అక్షరాలా నమ్మలేదు. కవిత రాశాక వెనక్కి నడుస్తూ వేసుకున్న దారిలా ఉంది అది.

ఒకరు అంతా కలలో వచ్చిందన్నారు, ఒకరు అంతా కొలిచి కట్టానన్నారు. ఇద్దరూ ఏదో ఒకటి దాచారు. అయినా పో వ్యాసం పాఠకుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. నమ్మకపోయినా సరే, అక్షరాల మోత గురించీ చిలుక గురించీ ఆయన చెప్పింది పట్టుకుని కవితను మళ్లీ చదవవచ్చు. కోల్‌రిడ్జ్ కథ వింటే కవి మీద ఆశ్చర్యం కలుగుతుంది కానీ కవితలోకి దారి దొరకదు.

ముఖాముఖి అనే ప్రక్రియ ఈ రూపానికి వచ్చేసరికి చాలా కాలం పట్టింది. జర్మన్ యువకుడు ఎకర్‌మన్ 1823లో మహాకవి గోథేను కలిశాడు. గోథే 1832లో చనిపోయేదాకా దగ్గరే ఉండి ఆయన మాటలు రాసుకున్నాడు. ఆ సంభాషణల మొదటి రెండు సంపుటాలు 1836లో, మూడోది 1848లో వచ్చాయి. మూడో సంపుటంలో కొంత భాగం సోరే అనే మరొకరి నోట్సు ఆధారంగా అల్లింది. ఎకర్‌మన్ రాసిన గోథే అచ్చంగా గోథేయేనా అన్న చర్చ అప్పటినుంచీ ఉంది. దానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. విన్న మాటను రాసుకునే మనిషికి కూడా ఒక శైలి ఉంటుంది. ఫ్రాన్సులో పత్రికా విలేకరి జూల్ ఉరే 1891లో 64 మంది రచయితల దగ్గరికి వెళ్లి, సాహిత్యం ఎటు పోతోందని అడిగి, ఆ జవాబులను దినపత్రికలో వరసగా వేశాడు. అందులో సిద్ధాంతాలతో పాటు రచయితలు ఒకరినొకరు దులిపేసుకోవడం కూడా పుష్కలంగా ఉంది. ఉరే అడిగింది వర్గాల గురించీ వాదాల గురించీ కాబట్టి వాళ్లు వాటి గురించే చెప్పారు. ఉదయం లేచి ఏం చేస్తారని ఆయన అడగలేదు.

ఆ ప్రశ్నకు గౌరవం తెచ్చింది 1953లో మొదలైన పారిస్ రివ్యూ అనే ఆంగ్ల సాహిత్య పత్రిక. మొదటి సంచికలోనే నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్‌తో సంభాషణ వేశారు. మొదట్లో టేపు రికార్డర్లు వాడలేదు. ఇద్దరిద్దరు కలిసి వెళ్లి, ఇద్దరూ గబగబా రాసుకుని, తర్వాత రెండు ప్రతులూ సరిచూసుకునేవారు. సిద్ధమైన పాఠాన్ని రచయితకు పంపితే ఆయన దిద్ది, కొట్టేసి, చేర్చి తిరిగి పంపేవాడు. దీన్ని కల్తీ అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఈ పద్ధతిలోనే ముఖాముఖి అసలు స్వభావం బయటపడింది. అది నోటిమాటకు నకలు కాదని, ఇద్దరు కలిసి రాసిన రచన అని ఒప్పుకున్నట్టయింది. తన వాక్యాన్ని దిద్దుకునే అవకాశం ఉందని తెలిసినప్పుడు రచయిత ధైర్యంగా మాట్లాడతాడు. ఆ అవకాశం లేకపోతే ఆచితూచి మాట్లాడతాడు, అంటే పాత జవాబులే మళ్లీ చెబుతాడు. కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెజ్ 1981లో అదే పత్రికతో మాట్లాడుతూ, సంభాషణ టేపు మీదికి ఎక్కుతోందని తెలిసిన క్షణంలో మనిషి వైఖరి మారిపోతుందనీ, తాను వెంటనే ఆత్మరక్షణలో పడతాననీ మొదట్లోనే చెప్పేశాడు.

మార్కెజ్ విషయంలో ఈ మాటకు ఇంకో అంచు ఉంది. ఆయన "వందేళ్ల ఏకాంతం" నవల పుట్టుక గురించి ఒక కథ లోకమంతా తిరుగుతుంది. 1965లో కుటుంబంతో సముద్ర తీరానికి కారులో వెళ్తూండగా మొదటి వాక్యం మెరుపులా తట్టిందట. అక్కడికక్కడే కారు వెనక్కి తిప్పి, ఇంటికొచ్చి తలుపేసుకుని, పద్దెనిమిది నెలలు రాశాడట. ఆయన జీవితచరిత్ర రాసిన జెరాల్డ్ మార్టిన్ ఏళ్ల తరబడి ఆధారాలు వెతికి, ఈ కథకు చాలా రూపాలు ఉన్నాయనీ కారు వెనక్కి తిప్పిన రూపం నిజమై ఉండదనీ తేల్చాడు. ఇందులో మార్కెజ్‌ను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. జీవితమంతా కథలు చెప్పిన మనిషి తన కథను మాత్రం ఎందుకు పేలవంగా చెబుతాడు? అడిగినవాళ్లందరూ ఆ క్షణం గురించే అడిగారు, ఆయన ఆ క్షణాన్ని ప్రతిసారీ కాస్త మెరుగుపెట్టాడు. అయితే ఆ మెరుపు వెనక చాలా ఏళ్ల తడుములాట ఉంది. కుర్రవాడిగా ఉన్నప్పుడే తాను చిన్నప్పుడు పెరిగిన ఇంటి గురించి నవల మొదలుపెట్టి, గొంతు దొరక్క వదిలేశాడు. అందుకే కారు కథకన్నా ఆ వదిలేసిన ప్రయత్నం గురించి ఆయన చెప్పిన మాటలకే విలువ ఎక్కువ.

పని గురించి అడిగినప్పుడు సంభాషణ మారిపోతుంది. ఇందుకు అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే మంచి సాక్ష్యం. 1958లో పారిస్ రివ్యూలో అచ్చయిన సంభాషణలో ఆయన చాలాచోట్ల విసుక్కున్నాడు, ప్రశ్నలనే తోసిపుచ్చాడు. ప్రేరణ, ప్రతీకలు, అర్థాలు అంటే దగ్గరికి రానివ్వలేదు. తిరగరాయడం గురించి అడగ్గానే మాత్రం సూటిగా జవాబు వచ్చింది. "ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్" చివరి పేజీని 39 సార్లు తిరగరాశానన్నాడు. అంత ఇబ్బంది పెట్టింది ఏమిటని అడిగితే, మాటలు సరిగ్గా కుదరడం అన్నాడు. అంతే. 2012లో ఆ నవల కొత్త ముద్రణలో దొరికిన ముగింపులన్నీ చేర్చి వేస్తే అవి 47 లెక్క తేలాయి. రచయిత జ్ఞాపకం చెప్పింది తక్కువ, కాగితాలు చూపించింది ఎక్కువ. ముఖాముఖిలో చెప్పిన మాటను చిత్తుప్రతులు ఇలా బలపరిచే సందర్భాలు అరుదు.

ఆ సంభాషణకు రాసిన ముందుమాటలో, ప్రశ్నలడిగిన జార్జ్ ప్లింప్టన్ హెమింగ్వే గదిని వర్ణించాడు. ఆయన నిలబడి రాసేవాడు. గోడకు ఆనించిన ఒక అట్టముక్క మీద రోజువారీ పదాల లెక్క వేసుకునేవాడు. 450, 575, 462, 1250, మళ్లీ 512. ఆ పెద్ద అంకె పడిన రోజు ఎందుకంటే, మర్నాడు చేపలవేటకు వెళ్లినా మనసు పీకకుండా ఉండాలని ఎక్కువ రాసుకున్నాడు. ఆ నాలుగైదు అంకెల్లో ఒక జీవితం కనిపిస్తుంది. తనను తాను మోసం చేసుకోకుండా ఉండటానికి గోడమీద లెక్క పెట్టుకున్న మనిషి కనిపిస్తాడు. ప్రేరణ గురించి పది పేజీల ప్రసంగం ఈ పని చేయలేదు.

రచయిత దినచర్య మీద ఆసక్తి కొత్తగా పుట్టిందేమీ కాదు. పదో శతాబ్దపు తొలినాళ్లలో రాజశేఖరుడు "కావ్యమీమాంస"లో కవిచర్యకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పగటిని జాములుగా పంచి, మొదటి జాము చదువుకు, రెండో జాము రచనకు ఇచ్చాడు. మూడోది కావ్యగోష్ఠికి. నాలుగో జాములో ఉదయం రాసినదాన్ని పరీక్షించుకోమన్నాడు. దీనికి ఆయన చెప్పిన కారణం ఇప్పటి ఏ రచనా శిబిరంలోనైనా గోడమీద రాసి పెట్టదగ్గది. రసావేశంతో రాస్తున్నవాడికి వివేచించే చూపు ఉండదు, కాబట్టి తర్వాత మళ్లీ చూసుకోవాలి. ప్రేరణ ఒక జాము, దిద్దుబాటు ఒక జాము. రెంటికీ చోటుంది, రెండూ ఒకే పూట కుదరవు.

రాజశేఖరుడు ఇంకో అడుగు ముందుకు వేసి, రాసుకునే వేళను బట్టి కవులను నాలుగు రకాలుగా విభజించాడు. లోకానికి దూరంగా, గదిలో తలుపేసుకుని ఎప్పుడూ రాస్తూనే ఉండేవాడు అసూర్యంపశ్యుడు. మనసు పుట్టినప్పుడు కూర్చుని రాసేవాడు నిషణ్ణుడు. చేస్తున్న కొలువుకు ఆటంకం రాకుండా దొరికిన తీరికలో రాసేవాడు దత్తావసరుడు. ఏదో ఒక సందర్భం వచ్చినప్పుడు దానికోసం రాసేవాడు ప్రాయోజనికుడు. ఈ విభజన చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. వెయ్యేళ్ల తర్వాత రచయితలతో జరిగిన సంభాషణల్లో ఉన్నదంతా ఈ నాలుగు గదుల్లో పట్టేస్తుంది. ఆధునిక రచయితల్లో ఎక్కువమంది దత్తావసరులే. ఆ మాట మళ్లీ వాడుకలోకి రావాలి.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆంథనీ ట్రాలోప్ తపాలా శాఖ ఉద్యోగి. పొద్దున అయిదున్నరకు బల్ల ముందు కూర్చునేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లేవాడు. అలా 47 నవలలు రాశాడు. ఈ సంగతంతా ఆయన చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో దాపరికం లేకుండా ఉంది. ఆ నిజాయితీయే ఆయన పరువు తీసిందని చాలామంది విమర్శకులు చెబుతారు. గడియారం చూసి రాసేవాడు కళాకారుడెలా అవుతాడని పాఠకులు నొచ్చుకున్నారట. కలలో కవిత దొరికిందన్న మాటను మన్నించిన లోకం పావుగంటల లెక్కను మన్నించలేదు. ముఖాముఖిలో రచయితలు పని సంగతి దాచి ప్రేరణ సంగతే చెప్పడానికి ఈ భయం కూడా ఒక కారణం.

ఇరవయ్యో శతాబ్దం ఆ భయాన్ని కొంత తగ్గించింది. అమెరికన్ నవలాకారిణి టోనీ మారిసన్ ఒక ప్రచురణ సంస్థలో సంపాదకురాలు, ఇద్దరు పిల్లలను ఒంటరిగా పెంచిన తల్లి. 1993 నాటి సంభాషణలో ఆమె తెల్లవారకముందే లేచి, కాఫీ కలుపుకుని, వెలుతురు రావడాన్ని చూస్తూ కూర్చుంటానని చెప్పింది. ఆ అలవాటు ఇష్టపడి మొదలైంది కాదు. పిల్లలు లేచి "అమ్మా" అని పిలిచేలోపు రాసుకోవాలి కాబట్టి మొదలైంది. అవసరం కోసం పట్టుబడిన ఆ వేళే తర్వాత ఆమెకు రచనలోకి దిగే మెట్టయింది. చీకటి వెలుగుగా మారే ఆ క్షణాన్ని దగ్గరుండి చూడటం ముఖ్యమని ఆమె అంది. మరో అమెరికన్ రచయిత్రి మాయా ఏంజెలో, తాను ఉన్న ఊళ్లోనే నెలకింతని ఒక హోటలు గది అద్దెకు తీసుకుని, గోడల మీది బొమ్మలన్నీ తీయించేసి, ఒక నిఘంటువు, ఒక పర్యాయపద కోశం, బైబిలు దగ్గర పెట్టుకుని పొద్దున్నే మొదలుపెట్టేది. తలుపేసుకుని అసూర్యంపశ్యురాలయ్యేందుకు రోజూ కొన్ని గంటలు కొనుక్కుందన్నమాట.

దీని పక్కనే మన పెద్దన చాటువును కూడా వినాలి. కావ్యం రాయమని అడిగితే ఇచ్చిన జవాబుగా ఆయన పేరిట ప్రచారంలో ఉంది.

నిరుపహతిస్థలంబు రమణీప్రియదూతిక తెచ్చి యిచ్చు క
ప్పురవిడె మాత్మకింపయిన భోజన ముయ్యెలమంచ మొప్పు త
ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖకపాఠకోత్తముల్
దొరికినగాక యూరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే

ఈ పద్యం అనగానే అందరికీ ఉయ్యాలమంచం, కప్పురవిడెం గుర్తొస్తాయి. భోగలాలసుడైన కవి అని నవ్వుకుంటారు. పద్యం రెండో సగం మీద ఎవరూ ఆగరు. ఒప్పూ తప్పూ చెప్పగల రసజ్ఞులు కావాలంటున్నాడు కవి. మనసులో ఊహ తెలుసుకుని రాసుకునే లేఖకుడు కావాలి, చదివి వినిపించే ఉత్తమ పాఠకుడు కావాలి. ఇప్పటి మాటల్లో అయితే సంపాదకుడు, సహకరించే మనిషి, తొలి పాఠకుడు. వాళ్లకు ముందుగా అడిగింది ఆటంకం లేని చోటు. రచన ఒంటరి పనే అయినా చుట్టూ కొందరు మనుషులు లేకుండా సాగదని ఇంత చిన్న పద్యంలో చెప్పిన కవిని విలాసపురుషుడిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. ఏ రచయితతో మాట్లాడినా ఈ రెండో సగం గురించి అడగవచ్చు. మీ చిత్తుప్రతి మొదట చదివేది ఎవరు? వాళ్లు వద్దంటే మీరు తీసేసినదేమిటి? తీయకుండా మొండికేసినదేమిటి?

ఇలాంటి ప్రశ్నలు అడగాలంటే అడిగేవాడికి సిద్ధపాటు ఉండాలి. రాజశేఖరుడే ప్రతిభను రెండుగా విడదీశాడు. రచన చేయించేది కారయిత్రి, రచనను గ్రహించేది భావయిత్రి. మొదటిది కవిది, రెండోది సహృదయుడిది. మంచి ముఖాముఖిలో ఈ రెండు ప్రతిభలూ ఎదురెదురుగా కూర్చుంటాయి. పుస్తకం చదవకుండా వచ్చినవాడు "మీ గురించి చెప్పండి" అంటాడు. చదివి వచ్చినవాడు "నాలుగో అధ్యాయంలో ఆమె గొంతు ఒక్కసారి ఆగిపోతుంది, అక్కడ ముందు ఇంకేమైనా ఉండేదా?" అంటాడు. మొదటి ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉంటుంది. రెండోదానికి రచయిత ఆలోచించుకోవాలి. ఆ ఆలోచించుకునే విరామాన్ని భరించగలగడం కూడా అడిగేవాడి పనే. చాలామంది రెండు క్షణాలు కాగానే కంగారుపడి ఇంకో ప్రశ్న అందించేస్తారు. రాబోతున్న మాట అక్కడే పోతుంది.

కొందరు రచయితలు ఈ బల్ల ముందు కూర్చోవడానికే ఒప్పుకోలేదు. "లోలిత" నవలాకారుడు నబొకోవ్ ప్రశ్నలు ముందే రాసి పంపమనేవాడు, జవాబులూ రాసే ఇచ్చేవాడు. ఇటలీ నవలాకారిణి ఎలెనా ఫెరాంటె 1992లో మొదటి నవల వచ్చినప్పటినుంచీ ముఖం చూపలేదు, పుస్తకం రాశాక దానికి రచయిత అవసరం ఉండదన్నది ఆమె వాదన. అయినా రాతపూర్వకంగా చాలా ప్రశ్నలకు జవాబులిచ్చింది. ముఖం లేని ఆ జవాబుల్లో రచన గురించి ఉన్నంత లోతు ఎదురుగా కూర్చుని మాట్లాడినవాళ్లలో ఎందరి దగ్గరో దొరకదు. జ్ఞాపకాలు చెప్పుకునే వీలు లేకపోవడంతో వాక్యం గురించీ, కొట్టేసిన పేజీల గురించీ చెప్పాల్సి వచ్చింది.

రచయిత తన ఉద్దేశాన్ని స్పష్టంగా, నిజాయితీగా చెప్పిన చోట కూడా ఒక ఖాళీ మిగులుతుంది. "కన్యాశుల్కం" 1892లో వేదిక మీదికి వచ్చింది, 1897లో అచ్చయింది. సంఘ సంస్కరణకు తోడ్పడాలని, తెలుగు భాష నాటకానికి పనికిరాదన్న అపోహ పోగొట్టాలని రాసినట్టు గురజాడ పీఠికలో చెప్పుకున్నాడు. ఆ రెండు కారణాలూ నిజమే. కానీ 1909లో ఆయన అదే నాటకాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ అచ్చు వేశాడు. ఆ రెండో కూర్పులోనే మధురవాణి ఇప్పుడు మనకు తెలిసిన నిండుదనం తెచ్చుకుంది. సంస్కరణకు తోడ్పడే నాటకం మొదటి కూర్పుతోనే తయారైపోయింది. అయినా పన్నెండేళ్ల తర్వాత ఆ కాగితాలను మళ్లీ ఎందుకు విప్పాడన్నదానికి పీఠికలో ఉన్న ఆశయం చాలదు. గురజాడను ఇప్పుడు ఎవరైనా ఒక్క ప్రశ్న అడగగలిగితే ఆశయం గురించి అడగకూడదు. రెండు కూర్పులూ ఎదురుగా పెట్టి, ఈ మాట ఎప్పుడు వచ్చింది, ఈ మనిషి మీ మాట వినడం ఎక్కడ మానేసింది అని అడగాలి.

ప్రేరణ గురించిన ప్రశ్నను పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. దాన్ని ఒక అడుగు ముందుకు తోస్తే అది పనికొస్తుంది. మారిసన్ నవల "బిలవెడ్" 1987లో వచ్చింది. దానికి మూలం మార్గరెట్ గార్నర్ అనే స్త్రీ గురించి 1856లో వచ్చిన ఒక పత్రికా కథనమని అందరికీ తెలుసు. బానిసత్వం నుంచి పారిపోయి, పట్టుబడే క్షణంలో తన బిడ్డను చంపుకున్న తల్లి ఆమె. 1974లో మారిసన్ సంపాదకత్వంలో వచ్చిన ఒక సంకలనంలో ఆ కథనం ఉంది. అంటే అది చాలా ఏళ్లు ఆమె చేతికి అందే దూరంలోనే ఉంది. మరి నవల అప్పుడే ఎందుకు మొదలైంది? ఉద్యోగం మానేసిన కొద్ది రోజులకు ఇంటి ముందు నది ఒడ్డున కూర్చున్నప్పుడు ఒక అలజడి కలిగిందని, కాసేపటికి అది భయం కాదని, తాను స్వేచ్ఛగా, సంతోషంగా ఉన్నానని తెలిసిందని మారిసన్ తర్వాతి ముద్రణకు రాసిన ముందుమాటలో చెప్పింది. స్వేచ్ఛ అంటే ఆడదానికి ఏమిటన్న ఆలోచన అక్కడ మొదలై, ఆ పాత కథనం దగ్గరికి తీసుకెళ్లింది. పత్రికా కథనం ఒక్కటే ప్రేరణ అని ఆగిపోతే ఇది తెలియదు. "అప్పుడే ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్న దాన్ని బయటికి తెస్తుంది.

ఆ "అప్పుడే ఎందుకు"కు జవాబు రచయితకు కూడా ఆలస్యంగా అందవచ్చు. జర్మన్ భాషా రచయిత కాఫ్కా "తీర్పు" కథను 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి మొదలుపెట్టి మర్నాడు ఉదయం ఆరింటికి ఒక్క బిగిన ముగించాడు. ఆయన కూడా దత్తావసరుడే, కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. కాళ్లు బిగుసుకుపోయి బల్ల కిందినుంచి లాక్కోలేకపోయానని, రాయడమంటే ఇలాగే అని డైరీలో రాసుకున్నాడు. రాస్తున్నప్పుడు మనసులో మెదిలినవాటి జాబితా కూడా అక్కడే ఉంది. ఫ్రాయిడ్, ఇద్దరు ముగ్గురు సమకాలీన రచయితల పుస్తకాలు, తనదే ఒక పాత రచన. కథ ఆరిపోకముందే తనను తాను అడిగి రాసుకున్న ముఖాముఖి అది. అంతకన్నా తాజా సాక్ష్యం ఏ రచయిత దగ్గరా దొరకదు.

అయిదు నెలల తర్వాత, 1913 ఫిబ్రవరిలో, ఆ కథ ప్రూఫులు దిద్దుతూ కాఫ్కా మళ్లీ డైరీ తెరిచాడు. కథలో తనకు ఇప్పుడు స్పష్టమైన సంబంధాలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. జర్మన్‌లో రాస్తే నాయకుడి పేరు గేయోర్గ్‌లో ఎన్ని అక్షరాలున్నాయో తన పేరు ఫ్రాంజ్‌లోనూ అన్నే ఉన్నాయి. బెండెమన్ అన్న ఇంటిపేరులోని బెండె భాగంలో అక్షరాల సంఖ్య కాఫ్కాలోని అక్షరాల సంఖ్యతో సరిపోతోంది, అచ్చులు కూడా అవే స్థానాల్లో ఉన్నాయి. కథలో పెళ్లికూతురు ఫ్రీడా పేరూ, తర్వాత తనతో పెళ్లి నిశ్చయమైన ఫెలిస్ పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఫెలిస్‌ను ఆయన ఆ ఆగస్టులో మొదటిసారి చూశాడు. ఆమెకు మొదటి ఉత్తరం రాసింది కథ రాయడానికి సరిగ్గా రెండు రోజుల ముందు. ఆ రాత్రి గడిచాక ఉదయం వేసుకున్న జాబితాలో ఆమె పేరు లేదు.